ఎదిగే పిల్లల వ్యాయామం - తల్లిదండ్రుల నడవడి

గత వేసవిలో ఒక సాయంకాలం మదనపల్లెలోని నా వైద్యశాలకు ఒక తండ్రి తన కుమారుని వెంటబెట్టుకొని వచ్చాడు. బాలునికి పదిహేనేండ్లు. పదవ తరగతి పరీక్షలు వ్రాసి ఇంటివద్ద ఉన్నాడు. రెండు అంతస్తుల మెట్లెక్కితే ఆయాసం, భోజనం కాగానే గంటల తరబడి పగటి నిద్ర, మలబద్ధకం, ఒళ్లంతా బరువు, దేనిమీదా ఉత్సాహం లేకపోవడం - ఇవీ తండ్రి చెప్పిన లక్షణాలు. నాడి చూశాను, నాలుక చూశాను, బరువు తూచాను. వారు వెంట తెచ్చిన రక్తపరీక్ష కాగితాలలో థైరాయిడ్ దోషం గాని, మరే దోషం గాని కనిపించలేదు. జఠరాగ్ని మందగించింది, కఫమూ మేదస్సూ పెరిగాయి. అంతకు మించి రోగమంటూ ఏమీ లేదు. పగటి నిద్ర మానమన్నాను, రాత్రి భోజనం పెందలాడే ముగించమన్నాను. చీటీ చివర "ప్రతిదినం ఒక గంట వ్యాయామం" అని వ్రాసి, అలవాటు చొప్పున దాని క్రింద గీత కూడా గీశాను.

బాలుడు ఆ చీటీని చదివి, తలయెత్తి, "మీ ఇల్లు ఏడుంది సార్?" అని అడిగాడు. రెండు వీధుల అవతల అని చెప్పాను.

"మరి మీరు గూడా బండిలోనే వస్తారు గదా సార్?"

తండ్రి వెంటనే "పెద్దోళ్లతో అట్లా మాట్లాడొచ్చునా?" అని గద్దించాడు. కాని ఆ బాలుని మాటలో పెంకితనం లేదు. వాకిట్లో నా స్కూటరు నిలిచి ఉన్నది. దాని ప్రక్కనే వారి స్కూటరు కూడా ఉన్నది. వారి ఇల్లు నాకు తెలుసు. అక్కడినుండి నా వైద్యశాలకు ఒక కిలోమీటరు కూడా ఉండదు. ముప్పై ఏండ్లుగా వేలకొలది చీటీల మీద నేను వ్రాసిన వాక్యమది. వ్రాసినవాడు నడిచిరాలేదు, వ్రాయించుకున్న తండ్రీ నడిచిరాలేదు. మధ్యలో ఉన్న బాలుడు మాత్రం రేపటినుండి నడవాలట!

ఆనాటినుండి ఎదిగే పిల్లలు నా వద్దకు వచ్చినప్పుడు వారి నాడి చూసి ఊరుకోకుండా, ఆ ఇంటి పెద్దల దినచర్య ఎట్లా ఉన్నదో కూడా అడిగి తెలుసుకొంటున్నాను. నెలకొకసారి పుంగనూరులోనూ, నెలకు రెండు శనివారాలు కుప్పంలోనూ రోగులను చూడడం నాకు అలవాటు. ఈ మూడు ఊళ్లలో నేను గమనించిన విషయాలను, వాటికి శాస్త్రం చెప్పిన ఆధారాలను, నా ఇంటిలో నేను చేసిన ఒక పొరపాటును పాఠకుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గాలి మంచిదైతే చాలునా?

మదనపల్లె ఆరోగ్యానికి పేరుపొందిన చోటు. సముద్రమట్టానికి రెండువేల అడుగులకు పైబడిన ఎత్తు. ఎండాకాలంలో సైతం తెల్లవారుజామున చల్లని గాలి వీస్తుంది. క్షయకు సరియైన మందులు లేని రోజులలో, 1910ల దశకంలో, ఊరికి సమీపాన ఆరోగ్యవరం వెలసినది ఈ గాలిని నమ్ముకొనే. దూరప్రాంతాలనుండి రోగులు వచ్చి నెలల తరబడి ఉండి వెళ్లేవారు. ఏనుగు మల్లమ్మ కొండ మీద కడప కలెక్టరు హార్స్లీ వేసవి విడిది కట్టుకొని, చివరకు కొండకే తన పేరు వచ్చేటట్లు చేసుకొన్నది కూడా ఈ చల్లదనం కోసమే. ఊరికి కొద్ది దూరంలో ఋషివ్యాలీ పాఠశాల ఉన్నది. 1895లో మదనపల్లెలో జన్మించిన జిడ్డు కృష్ణమూర్తి సంకల్పంతో ఏర్పడిన ఆ పాఠశాలలో ఆటలూ, కొండలెక్కడమూ, సాయంకాలం మౌనంగా కూర్చుండి సూర్యాస్తమయం చూడడమూ చదువులో భాగాలు.

"అది వాళ్లకు చెల్లింది సార్, మా పిల్లలకు ట్యూషన్లున్నాయి" అని మన తల్లిదండ్రులు అంటారు. గాలి ఎంత మంచిదైనా, తలుపు వేసుకొని ఫ్యాను క్రింద సెల్‌ఫోను చూస్తూ కూర్చున్నవాని ఊపిరితిత్తులకు అది అందదు. బెంగుళూరులో ఇరుకు ఇంటిలో ఉన్న బాలుడు, మదనపల్లెలో కొండగాలి మధ్య ఉన్న బాలుడు ఈ విషయంలో ఇప్పుడు సమానులైపోయారు.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ పరిశోధకులు 146 దేశాల లెక్కలు ప్రకటించారు. పదకొండు మొదలు పదిహేడేండ్ల వయస్సు గల పిల్లలలో నూటికి 81 మంది రోజుకు గంటసేపైనా శరీరశ్రమ చేయడం లేదు. మగపిల్లలలో ఈ సంఖ్య నూటికి 78, ఆడపిల్లలలో 85. మన దేశంలో ఇది దాదాపు నాలుగింట మూడు వంతులు. ఇతర దేశాలకంటె మనం కొంత మేలుగా ఉండడానికి ఆ పరిశోధకులు ఊహించిన కారణాలు చూడండి: మగపిల్లలకు క్రికెట్టు, ఆడపిల్లలకు ఇంటిచాకిరి! మన ఇండ్లలో కొడుకు కదిలితే ఆట అవుతుంది, కూతురు కదిలితే పని అవుతుంది. ఈ సంగతికి మరల వస్తాను.

శాస్త్రం ఏమంటున్నది?

శరీరానికి ఆయాసం కలిగించే పని యేదైనా వ్యాయామమేనని వాగ్భటాచార్యుని అష్టాంగహృదయం చెబుతున్నది. దండీలు, బస్కీలు మాత్రమే వ్యాయామమని ఆయన అనలేదు. వ్యాయామం వలన శరీరం తేలికపడుతుంది, పని చేసే శక్తి కలుగుతుంది, జఠరాగ్ని దీపిస్తుంది, మేదస్సు తగ్గుతుంది, అవయవాలు గట్టిపడి తీరుగా ఏర్పడతాయి. మా బాలుని లక్షణాలను ఈ ప్రయోజనాల ప్రక్కన పెట్టి చూస్తే రెండూ తాళము, తాళపుచెవి వలె సరిపోతాయి.

అయితే ఎంత చేయవలెను? ఉన్న బలంలో సగం మాత్రమే. నుదుట, ముక్కున, చంకలలో చెమట పట్టి, నోరు ఎండుతున్నట్లు అనిపించినప్పుడు ఆగవలెను. అతిగా చేస్తే దప్పిక, ఆయాసం, దగ్గు, జ్వరం, రక్తపిత్తం కలుగుతాయని హెచ్చరిక కూడా ఉన్నది. అజీర్ణంతో ఉన్నవారు, పసిపిల్లలు, వృద్ధులు, వాతపిత్త రోగులు కఠిన వ్యాయామం చేయరాదు. వయస్సు, బలం, శరీరం, ప్రదేశం, కాలం, తినే ఆహారం - ఇన్నింటినీ చూసుకొని చేయమని సుశ్రుతుడు చెప్పాడు. ఇన్నాళ్లూ కదలని పిల్లవాడిని ఒక్క ఆదివారంనాడు లేపి మైదానం చుట్టూ పది చుట్లు పరుగెత్తించి, వాడు వాంతి చేసుకొంటే "వీనికి చాత కాదు" అని తీర్మానించే తండ్రులు ఈ మాటను ముఖ్యంగా గుర్తుంచుకోవలెను.

సుశ్రుతుడే ప్రమేహ రోగం ముదిరినవాని స్థితిని వర్ణించాడు. వాడు నడవడం కంటె నిలబడడానికి ఇష్టపడతాడు, నిలబడడం కంటె కూర్చోవడానికి, కూర్చోవడం కంటె పడుకోవడానికి, పడుకోవడం కంటె నిద్రపోవడానికి. ఇది రోగి లక్షణంగా ఆయన వ్రాశాడు. నేడు ఆదివారం మధ్యాహ్నం మన ఇండ్లలో ఎవరిని చూసినా ఈ వరుసలో ఏదో ఒక మెట్టు మీద ఉంటారు.

పిల్లలు చూసేది ఎవరిని?

అమెరికాలోని ఫ్రామింగ్‌హామ్ పట్టణంలో నాలుగు మొదలు ఏడేండ్ల పిల్లలకూ, వారి తల్లిదండ్రులకూ కదలికను లెక్కించే చిన్న యంత్రాలు కట్టి చూసి, 1991లో ఫలితాలు ప్రకటించారు. తల్లి చురుకైనదైతే బిడ్డ చురుకుగా ఉండే అవకాశం రెండు రెట్లు ఉన్నది. తండ్రి చురుకైనవాడైతే మూడున్నర రెట్లు. ఇద్దరూ చురుకైనవారైతే దాదాపు ఆరు రెట్లు!

ఇది పసిపిల్లల సంగతి. పన్నెండు, పదమూడు దాటిన తరువాత లెక్క కొంత మారుతుంది. ఆ వయస్సులో పిల్లలు తల్లిదండ్రులను అనుకరించడం తగ్గించి, స్నేహితులను చూస్తారు. తరువాతి పరిశోధనలన్నింటినీ కలిపి చూసినవారు తేల్చినది ఏమంటే, ఈ వయస్సు పిల్లలకు పెద్దలు తాము వ్యాయామం చేసి చూపడం కంటె, పిల్లలు చేయడానికి తోడ్పడడం ఎక్కువగా పనిచేస్తుంది. అంటే ఆట దగ్గరకు తీసుకొని వెళ్లడం, బ్యాటో బంతియో కొనిపెట్టడం, ఆడేటప్పుడు వెళ్లి చూడడం, ఆ గంటసేపు మరే పనీ చెప్పకుండా ఉండడం. ఉపన్యాసం మాత్రం ఏ వయస్సులోనూ పనిచేసినట్లు నా అనుభవంలో లేదు. మా వైద్యులు చీటీ మీద గీసే గీత కూడా ఉపన్యాసమే.

పుంగనూరులో ఒక ఇల్లు

పుంగనూరులో నేను బస చేసే మిత్రుని ఇంటి ప్రక్కన ఒక ఉపాధ్యాయ కుటుంబం ఉన్నది. వారి పెరటిలో రెండు పుంగనూరు ఆవులున్నాయి. మూడడుగుల ఎత్తుకు మించని ఈ జాతిని గురించి పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అంతరించిపోయే స్థితికి వచ్చిన ఈ జాతిని పలమనేరులోని పశుపరిశోధనా స్థానంలో కాపాడుతూ వస్తున్నారు. ఇప్పుడు దేశమంతటా గిరాకీ పెరిగి, ధర లక్షలలో పలుకుతున్నది. మా మిత్రుని పొరుగువారివి మాత్రం తాతలనాటి ఆవుల సంతతి.

ఆ ఇంటి కోడలు తెల్లవారుజామున అయిదు గంటలకు కొట్టం ఊడుస్తుంది. ఆమె భర్త గడ్డిమోపు తెస్తాడు. పదునాలుగేండ్ల కుమారుడు బావినుండి నీళ్లు చేది తొట్టి నింపి, తాతగారితో కలిసి ఆవులను చెరువు కట్ట మీదికి తోలుకొని వెళ్లి వస్తాడు. అంతా కలిపి గంటకు పైగా పడుతుంది. ఆ ఇంటిలో వ్యాయామం అనే మాట నేనెన్నడూ వినలేదు. ప్రమేహ రోగులను ఆవుల వెంట తిరగమని సుశ్రుతుడు చికిత్సగా చెప్పిన సంగతి ఆ తాతగారికి నేను చెబితే, "రోగం వచ్చినాక తిరిగేదానికన్నా ముందే తిరిగేది మేలు గదయ్యా" అని నవ్వాడు.

ఆ బాలుడు తొమ్మిదవ తరగతికి వచ్చినప్పుడు తండ్రి ఉదయం ట్యూషనులో చేర్చి ఆ పనులన్నీ మాన్పించాడట. మూడు నెలలలో వానికి రాత్రి నిద్ర తగ్గింది, చిరాకు పెరిగింది, మార్కులు పెరగలేదు. తాతగారు పట్టుబట్టి ట్యూషనును సాయంకాలానికి మార్పించి, ఉదయం ఆవులను మరల వానికి అప్పగించాడు. మార్కులు ఆ తరువాత పెరిగాయా అని అడిగితే, తగ్గలేదని మాత్రం ఆ తండ్రి ఒప్పుకొన్నాడు.

అందరినీ ఆవులు కొనమని నేను చెప్పడం లేదు. పట్నంలో మేడ మీద కాపురముండేవారు ఆవును ఎక్కడ కట్టివేస్తారు? ఇంటిపనిలో పిల్లలకు సరియైన భాగం ఇవ్వడం మాత్రం అందరికీ వీలవుతుంది. నడిచివెళ్లి కూరగాయలు తేవడం, మిద్దె మీది మొక్కలకు బిందెతో నీళ్లు మోయడం, వారానికొకసారి ఇల్లంతా కడగడం - చెమట పట్టేంత పని ఏదైనా వాగ్భటుని లెక్కలో వ్యాయామమే. అది కొడుకుకూ కూతురుకూ సమానంగా ఉండవలెను, పెద్దలు కూడా అందులో చేయి కలపవలెను. సోఫాలో కూర్చుండి కేక వేసి చేయించే పని శిక్ష అవుతుంది. పిల్లలు వీలు చిక్కగానే దానిని మానుకొంటారు.

నా ఇంటి సంగతి

ఇక్కడ నా ఇంటి సంగతి చెప్పకపోతే పై మాటలు వ్రాసే అర్హత నాకుండదు. మా అమ్మాయి చిన్ననాడు సైకిలు అంటే ప్రాణం పెట్టేది. బసినికొండ వరకు వెళ్లి, చెమటతో తిరిగివచ్చి, రెండు ముద్దలు సంగటి ఎక్కువ తినేది. 2009లో ఆమె పెద్దమనిషి అయినది. బంధువులలో ఒకరిద్దరు "ఎదిగిన పిల్ల ఇంకా సైకిలు తొక్కుతుందా?" అన్నారు. నేను వైద్యుణ్ణి. ఆ మాటకు వైద్యశాస్త్రంలో ఏ ఆధారమూ లేదని నాకు తెలుసు. అయినా ఒక సాయంకాలం ఆ సైకిలును కొట్టంలో పెట్టి తాళం వేశాను. ఆమె ఏడ్వలేదు. రెండు రోజులు నాతో మాట్లాడలేదు, అంతే.

మూడు సంవత్సరాల తరువాత ఇంటర్మీడియట్ చదువుతుండగా ఆమెకు ఆయాసం, గుండెదడ, ముట్టు క్రమం తప్పడం మొదలైనవి. రక్తంలో హిమోగ్లోబిన్ ఎనిమిదికి పడిపోయినది. బరువు మాత్రం పెరిగినది. లోహము చేరిన ఔషధాలు, పునర్నవా మండూరం, ఆహారనియమాలు - తండ్రిగా, వైద్యుడుగా నేను ఇవ్వగలిగినవన్నీ ఇచ్చాను. రక్తం పెరిగినది. కాని పూర్వపు చురుకుదనం రాలేదు. ఒక రాత్రి మా ఇంటావిడ అన్నది: "మందులన్నీ ఇచ్చినారు. సైకిలు మాత్రం తిరిగి ఇయ్యలేదు."

మరునాడే కొట్టం తెరిచి సైకిలు బయటికి తీయించాను. ట్యూబులు కుళ్లిపోయాయి. బాగుచేయించి, గంట కూడా కొత్తది పెట్టించి వాకిట్లో నిలబెట్టాను. అమ్మాయి దానిని చూసి, "ఇప్పుడెందుకు నాన్నా, అందరూ చూస్తారు" అన్నది. పదమూడవ ఏట లేని సిగ్గును మూడేండ్లలో నేనే ఆమెకు నేర్పాను. ఆ సైకిలును ఆమె మరల ఎక్కలేదు. నేడు ఆమెకు ఉద్యోగమున్నది, కాపురమున్నది. ఇప్పటికీ ఫోనులో నేను నడక సంగతి ఎత్తితే మాట మారుస్తుంది. ఆ హక్కు ఆమెకున్నది.

ముట్టు రోజులలో కడుపునొప్పి, నీరసం ఎక్కువగా ఉంటే విశ్రాంతి ఇవ్వవలసినదే. మన పూర్వాచారంలోని ఆ మూడు రోజుల విశ్రాంతిని నేను కాదనను. తక్కిన ఇరవై ఏడు రోజులు కూడా బిడ్డను కూర్చోబెట్టమని ఏ శాస్త్రమూ చెప్పలేదు.

కుప్పం తల్లులు

కుప్పంలో ఒక కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసే ఒక ఆమె మోకాళ్ల నొప్పికి నా వద్దకు వచ్చేది. బరువు తగ్గవలెనని, మెల్లగా నడక మొదలుపెట్టమని చెప్పాను. ఒంటరిగా నడవడానికి బిడియపడి, ఎనిమిదవ తరగతి చదివే కూతురిని వెంటబెట్టుకొన్నది. తల్లి తోడున్నది కదా అని ఎదురింటివారు తమ కూతురిని కూడా పంపారు. మూడు నెలలు గడిచేసరికి ఆరుగురు ఆడపిల్లలైనారు. ఆ పిల్లలలో ఇద్దరు ఇంట్లో తమిళం, ఒకరు కన్నడం మాట్లాడతారు. ఆటలో అన్నీ కలిసిపోయి ఏ భాషయో తెలియదు.

ముగ్గురు తల్లులు వంతులు వేసుకొన్నారు. సోమ, గురువారాలు ఒకరు, మంగళ, శుక్రవారాలు మరొకరు, బుధ, శనివారాలు ఇంకొకరు. సాయంకాలం అయిదున్నరకు బయలుదేరి అరగంట నడక, ఆ తరువాత అరగంట రింగు ఆటో, షటిలో, తాడాటో. వంతు వచ్చిన తల్లి గట్టు మీద కూర్చుండి ఊరకే చూస్తుండదు, తానూ రింగు విసురుతుంది. ఖర్చు రెండు రింగులు, ఒక తాడు, నాలుగు షటిల్ బ్యాట్లు. తమ వీధిలో ఆడపిల్లలు ఆడుతుంటే మొదట వింతగా చూసినవారు ఇప్పుడు చూడడం మానివేశారట. ఆమె మోకాళ్ల నొప్పి పూర్తిగా పోలేదు గాని, నూనె వాడకం సగానికి తగ్గినది.

ఆ ప్రాంతంలో అడవి అంచున ఉన్న పల్లెలలో ఏనుగుల భయం ఉన్నది. అక్కడ తెల్లవారకముందు, చీకటిపడిన తరువాత పిల్లలను పంపరాదు. పట్టుపురుగులు పెంచే ఇండ్లలో మాత్రం పిల్లలు మల్బరీ ఆకు మోసి మోసి సాయంకాలానికే అలసి ఉంటారు. అటువంటివారికి వేరుగా వ్యాయామం చెప్పడం అవివేకం, వారికి కావలసినది మంచి భోజనమూ నిద్రా. ప్రదేశాన్ని చూసుకొని చేయమన్న సుశ్రుతుని మాటకు అర్థం ఇదే.

ఇంటర్మీడియట్ చదువుల గురించి ఒక్క మాట. తెల్లవారింది మొదలు రాత్రి వరకు పిల్లలను బల్ల ముందు కూర్చోబెట్టే కళాశాలలు మన పట్టణాలలో ఉన్నాయి. వాటి మీద నేను ఫిర్యాదు చేస్తే ఒక తండ్రి, "ఆటల పీరియడు ఉన్న కాలేజీలో చేరిస్తే సీటు రాదు సార్" అన్నాడు. ఆయన భయాన్ని నేను తేలికగా చూడలేను. అయినా చేర్పించే ముందు "పిల్లలు రోజుకు ఎంతసేపు ఆరుబయట ఉంటారు?" అని ఆ కళాశాలవారిని అడగవచ్చు గదా! ఫీజు గురించి పది ప్రశ్నలు వేసే తల్లిదండ్రులలో ఈ ఒక్కటి అడిగినవారిని నేనింతవరకు చూడలేదు.

ఇంటివద్ద పాటించవలసినవి

కొత్తగా మొదలుపెట్టే పిల్లలకు మొదటివారం పదిహేను నిమిషాల వేగపు నడక చాలును. వారానికి అయిదేసి, పదేసి నిమిషాలు పెంచుతూ రెండు నెలలలో గంటకు తేవలెను. భోజనం చేసిన రెండు గంటలలోపు పరుగులు, ఆటలు కూడవు.

ఉదయం ఆటకు వెళ్లే పిల్లలకు ఖాళీ కడుపు మంచిది కాదు. రెండు చెంచాల రాగిపిండిని కొద్ది నీళ్లలో కలిపి, గ్లాసెడు మరిగే నీటిలో పోసి, ఉండ కట్టకుండా అయిదు నిమిషాలు ఉడికించి చల్లార్చవలెను. అందులో అరగ్లాసు పలుచని మజ్జిగ, చిటికెడు ఉప్పు, వేయించిన జీలకర్ర పొడి కలిపి ఇవ్వండి. మన అవ్వలు చేసిన అంబలి ఇదే. ఆట తరువాత వేయించిన చెనక్కాయలు, బెల్లం చేర్చి కట్టిన ఉండ ఒకటి చాలును. సీసాలలో అమ్మే రంగునీళ్లు ఈ పిల్లలకు అవసరం లేదు. ఉప్పు, కరివేపాకు వేసిన మజ్జిగ దప్పిక తీరుస్తుంది.

రక్తహీనత గల ఆడపిల్లలకు మునగాకు పప్పు, నువ్వుల ఉండలు, రాగిసంగటి వారంలో తరచుగా పెట్టండి. ఆకుకూరలోని ఇనుము ఒంటబట్టడానికి పులుపు సహాయపడుతుంది. నిమ్మరసం గాని, మదనపల్లెలో కరువు లేని టమోటా గాని అందుకు పనికివస్తుంది. భోజనంతోపాటు కాఫీ, టీలు మాన్పించవలెను. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే ఆహారంతో సరిపుచ్చక, వైద్యుని వద్ద మందు వాడిన తరువాతనే కఠినమైన ఆటలకు పంపవలెను.

ఆదివారం తలకు, చెవులకు, పాదాలకు, ఒంటికి గోరువెచ్చని నువ్వులనూనె పట్టించి, అరగంట తరువాత సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయించే అలవాటును వదలవద్దు. తండ్రి కొడుకుకు, తల్లి కూతురుకు వీపు రుద్దే ఆ పావుగంటలో పిల్లలు చెప్పే మాటలు మరెప్పుడూ చెప్పరు. జ్వరం, అజీర్ణం, జలుబు ఉన్న రోజు మాత్రం అభ్యంగనం కూడదు.

కాలు బెణికితే ఆనాడు నూనె రాసి గట్టిగా మర్దించడం మన ఇండ్లలో జరిగే పెద్ద పొరపాటు. దానివలన వాపు పెరుగుతుంది. కాలు ఎత్తులో పెట్టి, తడిగుడ్డతో చల్లదనం కలిగిస్తూ విశ్రాంతి ఇవ్వవలెను. రెండు రోజుల తరువాత చింతపండు గుజ్జులో పసుపు, ఉప్పు చేర్చి ఉడికించి, గోరువెచ్చగా పట్టు వేయవచ్చు. చర్మం చీరుకొని ఉంటే వేయరాదు. పాదం మోపలేకపోతే ఎముక విరిగిందేమో చూపించుకోవలెను. పరుగెత్తేటప్పుడు ఛాతీలో నొప్పి, కండ్లు తిరిగి పడిపోవడం, పిల్లికూతలు వంటి ఆయాసం కనిపిస్తే ఆటను వెంటనే ఆపి, ఆలస్యం చేయక వైద్యునికి చూపించవలెను.

మరల ఆ బాలుని సంగతి

ఆ బాలుని మాట విన్న వారం రోజులకు నేను స్కూటరు మాని వైద్యశాలకు నడిచిరావడం మొదలుపెట్టాను. దారిలో రోగులు ఆపి ప్రశ్నలు అడగడం వలన పది నిమిషాల దూరానికి ముప్పావుగంట పడుతున్నది. వానలు పడిన రోజులలో రెండుమూడుసార్లు మరల స్కూటరు తీసిన మాట కూడా నిజమే.

బాలుడు నెలకొకసారి వచ్చి బరువు తూపించుకొని వెళ్లాడు. మొదటి నెలలో తాను నడిచేవాడు, తండ్రి స్కూటరు మీద మెల్లగా వెనుక వచ్చేవాడట! ఆ దృశ్యాన్ని ఊహించుకొని నేను నవ్వితే తండ్రికి కొంచెం కోపం వచ్చినది. రెండవ నెలలో బరువు తగ్గలేదు. కాని మెట్లెక్కితే ఆయాసం రావడం లేదనీ, పగలు నిద్ర పోవడం లేదనీ బాలుడే చెప్పాడు. నాలుగవ నెలలో ఇద్దరూ నడిచివచ్చారు. బి.టి. కళాశాల మైదానంలో ఉదయం తండ్రి రెండు చుట్లు నడిచేలోపు కుమారుడు అయిదు చుట్లు పరుగెత్తుతున్నాడట. బరువు మూడు కిలోలు తగ్గినది. మలబద్ధకానికి మందు అవసరం లేకపోయినది.

ఆ సాయంకాలం మందు కావలసినది తండ్రికి. రెండు రోజులుగా పిక్కలు పట్టివేసి రాత్రిళ్లు నిద్ర లేదట. నూరు మిల్లీలీటర్ల నువ్వులనూనెలో ఒక చెంచా వాము వేసి, సన్నని సెగ మీద వాము ఎర్రబడేవరకు కాచి, వడగట్టి, పడుకొనే ముందు గోరువెచ్చగా పిక్కలకు క్రిందినుండి పైకి రాయమని చెప్పాను. రాసిన తరువాత పావుగంటసేపు కాళ్లను ఉప్పు కలిపిన వేడినీటిలో ఉంచవలెను. చీటీ మీద ఇంత మాత్రమే వ్రాశాను. "అబ్బాయి రాస్తాడులే సార్" అని చెప్పి ఆయన లేచాడు.